పద్దెనిమిది మందికి ఒకే చుక్క

ఆ గురువారం పొద్దున పది గంటల పన్నెండు నిమిషాలకి నా స్నేహితురాలు తన ఫోనులో ఎర్ర బటను నొక్కింది. అంబులెన్సు ఆమె గేటు ముందు ఆగేసరికి పది నలభై తొమ్మిది. అంటే ముప్ఫై ఏడు నిమిషాలు. అంబులెన్సు ఉండే చోటు నుంచి అశోక్ నగర్‌లో ఆమె ఇంటికి ఎంత రద్దీలోనైనా పది నిమిషాలకి మించి పట్టదు. మిగతా ఇరవై ఏడు నిమిషాలు ఎక్కడ పోయాయో నాకు ఆ రోజే తెలిసింది. ఎందుకు పోయాయో తెలియడానికి వారం పట్టింది.

ఆమెకీ నాకూ నలభై నాలుగేళ్ళ స్నేహం. ఆమె టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసేది, నేను ఇళ్ళకి నంబర్లు ఇచ్చే ఆఫీసులో గుమాస్తాను. ఇద్దరం ఒకే బస్సు ఎక్కేవాళ్ళం. ఆమె పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక హాస్టళ్ళ సందులో కింది వాటా కొనుక్కుని ఒక్కతే ఉంటోంది. చుట్టూ గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలు. "పక్క మేడ మీద నూరు మంది రాజ్యాంగం బట్టీ పడుతుంటే నాకు తోడు లేదంటావేమిటే" అనేది నాతో.

మా మూడు పేటల్లో, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్‌లలో, ఒంటరిగానో జంటగానో ఉండే పెద్దవాళ్ళం ఒక సంఘంగా ఏర్పడ్డాం. సభ్యులు అరవై ఒక్కరు. కార్యదర్శిని నేను. రిజిస్టరు నా చేతి రాతలోనే ఉంటుంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఫోనులో బటను నొక్కితే చాలు, దగ్గర్లోని ఐదుగురు వాలంటీర్లకీ, అంబులెన్సుకీ, ఆ సభ్యుడు తనవాళ్ళుగా రాసిచ్చిన ఒకరికీ ఇంటి లొకేషన్‌తో కబురు వెళ్ళేలా ఏర్పాటు చేసుకున్నాం. దాన్ని తయారుచేసింది మా పక్కింటి కోడలు. నలభై దాటిన మనిషి, మ్యాపుల కంపెనీలో పని. ఫోను ఉన్నచోటే చూపిద్దామని మొదట అనుకుంది. కానీ మా పాత ఫోన్లు నాలుగు గోడల మధ్య ఉంటే చుక్క ఒకసారి వీధిలోకీ, ఒకసారి పక్క మేడ మీదికీ గెంతుతోంది. అందుకని సభ్యులు రాసిచ్చిన ఇంటి అడ్రసునే మ్యాపు మీద చుక్కగా మార్చి ఉంచుదామంది.

సభ్యులు ఇచ్చిన దరఖాస్తులు చూసి నాకు ఒళ్ళు మండింది. ఒకరు "లైబ్రరీ వెనక సందు, పాత పిండిమర పక్కన" అని రాశారు. ఇంకొకరు "రెండో మలుపు, మామిడి చెట్టున్న ఇల్లు, కుక్క కరవదు" అని రాశారు. ముప్ఫై ఒక్కేళ్ళు ఇంటి నంబర్లతో బతికినదాన్ని. ముందు వార్డు, తరవాత బ్లాకు, ఆపైన ఇల్లు. స్థలం ముక్కలైతే పాత నంబరు పక్కన గీత గీసి బటా ఒకటి, బటా రెండు. అంత శుభ్రమైన ఏర్పాటు ఉండగా పిండిమర ఎందుకు? అరవై ఒక్క అడ్రసుల్లోనూ ఆ గుర్తులన్నీ ఎర్ర సిరాతో కొట్టేసి, పూర్తి ఇంటి నంబరు, పేట, పిన్‌కోడు మాత్రం రిజిస్టరులోకి ఎక్కించాను.

నా స్నేహితురాలు ఒప్పుకోలేదు. ఆమె రాసిందేమిటంటే, "జిరాక్సు షాపు దాటాక ఇస్త్రీ బండి, దాని ఎదురు ఆకుపచ్చ గేటు." నేను గీత కొడుతుంటే పక్కనే కూర్చుని చూసింది.

"ఇస్త్రీ బండిని ఎందుకు కొట్టేశావే? నాకంటే ముందు నుంచీ ఉంది ఆ సందులో."

"బండి రేపు ఉండకపోవచ్చు. నంబరు ఉంటుంది" అన్నాను.

"నీ నంబరు చూసి మా ఇంటికి వచ్చినవాళ్ళు ఇంతవరకు ఒక్కరే. నువ్వే."

నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

పక్కింటి కోడలు నా రిజిస్టరులోని అడ్రసులన్నీ కంప్యూటరుకి ఒక్కసారిగా ఇచ్చింది. ఒక్క నిమిషంలో అన్నిటికీ చుక్కలు వచ్చాయి. ఆమె తెచ్చిన జాబితాలో పేరు, అడ్రసు, రెండు గడుల్లో పొడుగాటి అంకెలు, చివరి గడిలో ఏదో ఇంగ్లీషు మాట ఉన్నాయి. ఆ చివరి గడి ఏమిటని అడిగాను. చుక్క ఎలా వచ్చిందో చెబుతుంది పిన్నిగారూ, అంది. కాగితం వెడల్పు చాలక ఆ గడి రెండో పేజీలోకి పోతోంది. తీసెయ్యమన్నాను. తీసేసింది. కొన్ని చుక్కలు అంచనా మీద పడతాయి, ఒక ఆదివారం ఇద్దరం తిరిగి సరిచూద్దామని కూడా అంది. నా అడ్రసుల్లో తప్పు ఉండదని చెప్పాను. ఆమె నా మొహం చూసి జాబితా మడిచి నా చేతిలో పెట్టింది.

ఇంకొకటి కూడా రాయాలి. ఆ రోజు నేను మ్యాపు మీద చుక్కలు లెక్కపెట్టాను. నలభై నాలుగే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను, మళ్ళీ నలభై నాలుగే. అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి ఉంటారని సర్దిచెప్పుకున్నాను. జన్మలో ఏ లెక్కనీ అలా సర్దిచెప్పుకుని వదిలింది లేదు. దాన్ని మాత్రం వదిలేశాను.

ఆ గురువారం నేను సుల్తాన్ బజార్‌లో ఉన్నాను, జాకెట్టు లైనింగుల కోసం. ఫోను సంచీలో అడుగున ఉంది. ఆ గోలలో మోగినా వినపడలేదు. పది ఇరవై తొమ్మిదికి టైము చూద్దామని తీస్తే ఆమె బటను నొక్కిన కబురు కనిపించింది. తనవాళ్ళుగా ఆమె రాసిచ్చింది నా పేరే. ఆమెకి మూడుసార్లు చేశాను, ఎత్తలేదు. అంబులెన్సు డ్రైవరు నంబరు కబురులోనే ఉంటుంది. దొరికేసరికి పది ముప్ఫై ఆరు.

లొకేషన్ దగ్గరే ఉన్నామని చెప్పాడు. ఎక్కడ అంటే నారాయణగూడ అన్నాడు. ఆమె ఇల్లు అశోక్ నగర్ కదా, నారాయణగూడలో మీకేం పని అని అరిచాను.

"అమ్మా, మాకేం ఎరుక. చుక్క ఈడనే ఉంది. టైర్ల దుకాణం ఉన్నది, ఇల్లే లేదు. ఇద్దరు వాలంటీర్లు గూడ వచ్చి ఈడనే నిలబడ్డరు. అందరం పరేషాన్‌ల ఉన్నం."

ఇంటి నంబరు చెప్పాను. వార్డు, బ్లాకు, ఇల్లు, బటా. ఒకటికి రెండుసార్లు, ఒక్కొక్క అంకె విడదీసి.

"నంబరు చెప్తే నేనేం జెయ్యాలమ్మా? పక్కన ఏముంటదో చెప్పుండ్రి జర."

బజారు మధ్య నిలబడి నా నోటితో నేనే చెప్పాను. హాస్టళ్ళ సందు, జిరాక్సు షాపు, దాటాక ఇస్త్రీ బండి, ఎదురు ఆకుపచ్చ గేటు.

"గట్ల చెప్పుండ్రి" అని పెట్టేశాడు. వెనక్కి తిరిగి రద్దీలో ఆమె గేటు చేరేసరికి ఎంతయిందో మొదటే రాశాను.

మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. దాన్ని కరిగించే ఇంజెక్షను ఇచ్చే వ్యవధి ఇంకా మిగిలి ఉంది, ఇచ్చారు. ప్రాణం నిలిచింది. కుడి చెయ్యి వాలిపోయింది, మాట ముద్దగా వస్తోంది. ఇరవై ఏడు నిమిషాలు ముందు తెచ్చి ఉంటే చెయ్యి ఉండేదా అని డాక్టరుని అడిగాను. అది ఎవరూ చెప్పలేరమ్మా, కొందరికి ఉండేది, కొందరికి ఉండేది కాదు అన్నాడు. జవాబు లేని లెక్క ఒకటి ఉంటుందని నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు. ఇంటికొచ్చి ఆ ఇరవై ఏడుని డైరీలో రాసి, దాని పక్కన ఏం రాయాలో తెలియక అలాగే మూసేశాను.

వారం తరవాత పక్కింటి కోడలు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి నా భోజనాల బల్ల మీద పెట్టింది. నేను ఆమెని నిలదీయడానికి సిద్ధంగా ఉన్నాను. నీ మిషను తప్పు చేసింది అన్నాను.

"తప్పు చెయ్యలేదు పిన్నిగారూ. దానికి మీ అడ్రసు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పింది కూడా."

"ఎక్కడ చెప్పింది?"

"చివరి గడిలో."

ఆ గడితో సహా జాబితా తెరిచింది. ఇంగ్లీషు మాటలు మూడు రకాలే ఉన్నాయి, అవే మళ్ళీ మళ్ళీ. ఆమె విడమరిచి చెప్పింది. మొదటి రకం, ఎవరో ఎప్పుడో ఆ ఇంటి కప్పు మీదే చుక్క పెట్టి నంబరుతో జత చేసి ఉంచినవి. అవి నమ్మవచ్చు. మా సంఘంలో అలాంటివి పద్నాలుగు, అన్నీ పెద్ద అపార్టుమెంట్లు. రెండో రకం, ఇల్లు తెలియదు, రోడ్డు తెలుసు. ఆ రోడ్డుకి ఈ చివర ఒకటో నంబరు, ఆ చివర వెయ్యో నంబరు ఉంటే, ఐదు వందలు నడిమధ్య ఉంటుందని వాటా వేసి చుక్క పెట్టినవి. అవి ఇరవై తొమ్మిది. నా స్నేహితురాలి ఇల్లు అందులోది.

నేను ఉలిక్కిపడ్డాను. మన ఊళ్ళో నంబర్లు వరసలో ఉండవు కదా అన్నాను. ఎవరు ముందు ఇల్లు కట్టి కాగితాలు తెస్తే వాళ్ళకి ముందు నంబరు పడింది. నూట తొంభై పక్కన ఆరు వందలుంటుంది. దాని వెనక ఖాళీ స్థలంలో తరవాత కట్టిన ఇల్లు నూట తొంభై బటా మూడు అయి ఇంకో సందులోకి తెరుచుకుంటుంది. అలాంటివి నా చేత్తో ఎన్ని రాశానో.

"అది మీకు తెలుసు పిన్నిగారూ. దానికి ఎవరు చెప్పాలి?" అంది.

ఇళ్ళకి వరసగా నంబర్లున్న ఏ ఊళ్ళోనో ఆ లెక్క సరిపోతుందట. ఇక్కడ ఆ లెక్కకి నా బటా అంటే ఏమిటో తెలియక గీత తరవాతది వదిలేసి, మిగిలిన అంకెని పొడుగాటి రోడ్డు మీద వాటా వేసి, కిలోమీటరుకి పైన అవతల టైర్ల దుకాణం ముందు నిలబెట్టింది. నేను ఎంత పూర్తిగా రాశానో అంత దూరం పోయింది.

మరి మూడో రకం అని అడిగాను. ఆమె మ్యాపు దగ్గరకి లాగింది. లైబ్రరీ దాటాక, ఎవరి ఇల్లూ కాని చోట, రోడ్డు నడుమ ఒక చుక్క ఉంది. దాని మీద నొక్కింది. చుక్క పువ్వులా విచ్చుకుని దాని చుట్టూ పేర్లు లేచాయి. నేను లెక్కపెట్టాను. పద్దెనిమిది. నంబరూ అర్థంకాక, రోడ్డూ అర్థంకాక, అడ్రసులో పిన్‌కోడు ఒక్కటే పట్టుకుని, ఆ పిన్‌కోడు ప్రాంతానికి నట్టనడుమ ఏది పడితే అక్కడ పెట్టినవి. పద్దెనిమిది మంది ముసలివాళ్ళని నేను తీసుకెళ్ళి బస్సులు తిరిగే రోడ్డు మధ్య ఒకే చోట నిలబెట్టాను. నలభై నాలుగు ఎందుకు వచ్చాయో అప్పుడు అర్థమైంది. పద్నాలుగు, ఇరవై తొమ్మిది, ఒకటి.

మంచినీళ్ళు తాగాను. ఆమె నన్ను ఓదార్చబోయింది. వద్దని చెప్పి, దరఖాస్తుల కట్ట తెచ్చాను. నేను ఏ కాగితమూ పారెయ్యను. ఎర్ర గీతల కింద పాత అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. పద్నాలుగు పోను మిగిలిన నలభై ఏడు, కొట్టేసిన గుర్తులతో సహా నేను చదువుతుంటే ఆమె కంప్యూటరుకి ఎక్కించింది. లైబ్రరీ, సినిమా హాలు, హోటలు, జిరాక్సు షాపు లాంటివన్నీ ఎవరో ఒకరు మ్యాపులో గుర్తుపెట్టే ఉన్నారు. సగానికి పైగా చుక్కలు లేచివచ్చి సరైన సందు మొదట్లో వాలాయి. నా స్నేహితురాలిది ఆమె గేటుకి నాలుగిళ్ళ ఇవతల, జిరాక్సు షాపు మీద పడింది. అక్కడి నుంచి పిలిస్తే ఆమెకి వినపడుతుంది.

దగ్గరగా పడితే చాలదు, ఇంటి మీదే పడాలి. అందుకు ఒకటే దారి, మనిషి వెళ్ళి గేటు ముందు నిలబడి, పైనుంచి తీసిన ఫొటోలో ఆ ఇంటి కప్పు గుర్తుపట్టి, వేలితో చుక్క పెట్టడం. ఎలా పెట్టాలో నేర్పింది. మర్నాటి నుంచి రోజుకి నాలుగైదు ఇళ్ళు తిరిగాను. ప్రతి ఇంటి దగ్గరా పాత చుక్క ఎంత దూరంలో పడిందో రాసుకున్నాను. పిన్‌కోడు నడుమ పడ్డవన్నీ ఎంత లేదన్నా రెండు మూడు సందుల అవతల ఉన్నాయి. రోడ్డు వాటా వేసినవాటిలో నాలుగు అడుగుల్లో ఉన్నవీ ఉన్నాయి, పేటే మారిపోయినవీ ఉన్నాయి. నన్ను ఎక్కువ భయపెట్టినవి ఇవే. మ్యాపు మీద చూస్తే అన్నీ ఒకే రంగు, ఒకే ఆకారం. ఏది తెలిసి పెట్టిన చుక్కో, ఏది తెలియక పెట్టిన చుక్కో చూసేవాడికి తెలిసే దారి లేదు. తెలిసే దారి ఒక్క గడిలో ఉంది, దాన్ని కాగితం చాలలేదని నేను తీసేయించాను.

ముప్ఫై ఎనిమిది ఇళ్ళు పూర్తయిన రోజున నా స్నేహితురాలిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. పగటికి ఒక నర్సుని పెట్టుకుంది. మధ్యాహ్నం వెళ్ళి మంచం పక్కన కూర్చుని ఉన్నదంతా చెప్పాను. అంబులెన్సు తప్పు కాదని, మిషను తప్పు కూడా కాదని, ఎర్ర సిరా నాదేనని చెప్పాను. చెబుతూ ఏడిచాను. ఆమె ఎడమ చేత్తో కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటీ చాపుకుంటూ విన్నది. క్షమించానని అనలేదు. బాధపడొద్దనీ అనలేదు.

ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ, ఇంకా ఎంతమంది అని అడిగింది. నలభై ఏడు, ముప్ఫై ఎనిమిది అయ్యాయని చెప్పాను.

"తొమ్మిది" అంది. ఆ మాట ఏ తడబాటూ లేకుండా వచ్చింది. గోడ గడియారం వైపు చూసింది. రెండున్నర.

"నీ ఏడుపు... రిజిస్టరులో... రాసుకో. వెళ్ళు."

నర్సు తల తిప్పుకుని నవ్వాపుకుంది. నేను లేచాను.

ఆ తొమ్మిదిలో మొదటిది చిక్కడపల్లిలో ఒక రిటైరైన లెక్చరరుగారి ఇల్లు. ఎనభై మూడేళ్ళ మనిషి, భార్యాభర్తలిద్దరే. రోడ్డు మధ్య నిలబడ్డ పద్దెనిమిది మందిలో ఇద్దరూ ఉన్నారు, రెండు సభ్యత్వాలు. గేటు ముందు నిలబడి చుక్క పెట్టి, అయిపోయిందని చెప్పి వెళ్ళబోతుంటే కాఫీ తాగి వెళ్ళాలన్నారు. లోపల ఆవిడ ఇనప వాకరు పట్టుకుని నడుస్తోంది. పోయిన సమావేశానికి మామూలుగా నడిచి వచ్చిన మనిషి. ఎప్పటి నుంచండీ అని అడిగాను. ఆయన మాట దాటవేయబోయారు. ఆవిడే చెప్పింది. బాత్రూములో పడిందట. ఆయనకి లేపడానికి చేతకాలేదు. బటను నొక్కారట.

"ఎవరూ రాలేదండీ. అరగంట చూశాం. మీకందరికీ ఏ పనులున్నాయో అనుకున్నాం" అన్నారాయన, తనే ఏదో తప్పు చేసినట్టు. "పక్కింటి ఆటో ఆయన వచ్చి లేపాడు. బటను నొక్కి ఫోను హాల్లో పెట్టేసి ఈవిడ దగ్గరే కూర్చున్నాను, మోగినా వినపడలేదు. కంగారులో దాన్ని ఇంట్లోనే మర్చిపోయి ఆసుపత్రికి వెళ్ళిపోయాం."

నేను తేదీ అడిగాను. చెప్పారు. ఆ తేదీ నాకు తెలుసు. ఆ రోజు వాలంటీర్లు వెళ్ళి, లొకేషన్ దగ్గర ఎవరూ లేరు, ఫోను ఎత్తడం లేదు అని నాకు చెప్పారు. మర్నాడు నేనే ఈయనకి ఫోను చేశాను. అంతా బాగేనా అని అడిగితే, పరవాలేదండీ, సర్దుకుంది అన్నారు. మన పెద్దవాళ్ళు అంతకంటే ఏమంటారు? ఎవరూ రాలేదని నిలదీస్తే నన్ను నొప్పించినట్టవుతుందని ఆయన మొహమాటం. ఆ పరవాలేదు అన్న మాటని పట్టుకుని నేను రిజిస్టరులో "పొరపాటు పిలుపులు" అని ఒక శీర్షిక పెట్టి, దాని కింద ఆయన పేరు రాశాను. అలాంటివి మూడు పోగయ్యాక, అవసరం లేకుండా బటను నొక్కి వాలంటీర్లని తిప్పవద్దని సభ్యులందరికీ నోటీసు పంపాను.

"మీ నోటీసు చూశాక ఆ బటను తీసేయించాం లెండి. ఊరికే మీకు శ్రమ" అంది ఆవిడ.

కాఫీ గ్లాసు కింద పెట్టాను. ఆయన ఫోను అడిగి తీసుకుని, బటను మళ్ళీ పెట్టించడానికి పక్కింటి కోడలికి అక్కడి నుంచే ఫోను చేశాను. సంచీలోంచి రిజిస్టరు తీసి, ఆయన పేరున్న వరస కొట్టేసి, నిజంగా జరిగింది ఆయన ఎదురుగానే రాశాను. ఎందుకండీ ఇప్పుడవన్నీ అని ఆయన వారిస్తూనే ఉన్నారు.

ఆ శీర్షిక కింద ఇంకా రెండు పేర్లున్నాయి. ఆ ఇద్దరూ ఫోనులో నాతో పరవాలేదనే అన్నారు. ఇద్దరి ఇళ్ళూ ఇంకా మిగిలినవాటిలో ఉన్నాయి. మూడు గంటల ఇరవై నిమిషాలకి ఆ గేటు దాటి, ఆ ఇద్దరిలో దగ్గరున్నవారి ఇంటి వైపు నడిచాను.